జీపులోని పసుపుపచ్చ దీపము



నేను తెలుగు పండితుడను. ముప్పది యేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలో సంధులు, సమాసములు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. అట్టివాడు మోటారు బండ్ల బ్రేకులను గుఱించి ప్రసంగించుట యేమని మీలో కొందఱకు నవ్వు రావచ్చును. రాజుల చరిత్రయు శాసనముల చరిత్రయు చెప్పుటకు సమర్థులు పలువురు కలరు. మన వాకిట నిలిచియున్న వస్తువునకు సైతము చరిత్ర కలదనియు, అది తెలియకపోవుట వలన ప్రాణముల మీదికి వచ్చుననియు నాకు 2016వ సంవత్సరపు వానకాలమున తెలియవచ్చినది. ఆ కథతోనే మొదలు పెట్టెదను.

నా మేనల్లుడు పాడేరు కొండలలో కాఫీ తోటల పని మీద తిరుగువాడు. ఒకరు చాల యేండ్లు వాడి యమ్మిన విదేశపు బండి నొకదానిని కొనెను. నాలుగు చక్రములకును ఇంజను బలము నందు ఇట్టి బండ్లను, అవి యే కంపెనీవి యైనను, మనవారు జీపులనియే పిలుతురు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున విల్లీస్ వారు చేసిన బండి పేరు జాతి కంతకును పేరైనది. నేనును ఆ వాడుకనే యనుసరింతును. ఆ జీపు డ్యాషుబోర్డు మీద పసుపుపచ్చని దీప మొకటి, ఏ.బి.ఎస్. అను మూడక్షరములు గలది, అప్పుడప్పుడు వెలుగుచు నుండెను. మేనల్లుడు బండిని పట్టణమున నొక వర్క్ షాపునకు తీసికొనిపోయెను. వారు ఒక పూట యుంచుకొని తిరిగి యిచ్చిరి. దీపము వెలుగుట మానెను. "బల్బు తీసేశామండీ, ఇక మీకు చికాకు ఉండదు" అని వారు దాపఱికము లేకుండనే చెప్పిరట. మావాడును సంతోషించెను.

పది దినములు గడచెను. వాన పడుచుండగా ఘాటు రోడ్డు దిగుచుంటిమి. నేను వెనుక సీటులో నుంటిని. మలుపున ఎద్దొకటి అడ్డము వచ్చెను. మేనల్లుడు గట్టిగా బ్రేకు త్రొక్కెను. ముందు చక్రములు రెండును బిగిసిపోయినవి. వాడు స్టీరింగు ఎంత త్రిప్పినను బండి తిరుగలేదు; నీళ్లమీద పలక జాఱినట్లు తిన్నగా జాఱి, లోయవైపు పిట్టగోడను ఒరసికొని నిలిచెను. ఎద్దు తన దారిని పోయెను. మేము మాత్రము చాల సేపు దిగలేకపోతిమి.

ఇంటికి వచ్చిన పిదప నాకు పట్టిన చింత యొక్కటే. ఆ దీపమును అచ్చట నెవరు పెట్టిరి? ఏల పెట్టిరి? అది మాతో నేమి చెప్పుచుండెను? తెలిసినవారిని అడిగి, దొరికిన గ్రంథములు చదివి కూర్చుకొన్న సంగతులను మీకు విన్నవించుచున్నాను.

బ్రేకు త్రొక్కినపుడు చక్రములు బొత్తిగా బిగిసిపోకుండ కాపాడు ఏర్పాటు పేరే ఏ.బి.ఎస్. దీనికి 'చక్రస్తంభన నిరోధకము' అని నేనొక పేరు కల్పించి మేనల్లునకు వినిపించితిని. వాడు మర్యాద తప్పకుండ విని, "మామయ్యా, ఏబీఎస్ అంటే చాలదా?" అనెను. చాలును.

బ్రేకు నిలుపునది చక్రమును. బండిని నిలుపునది టైరునకును నేలకును గల పట్టు. ఈ భేదము చాలమందికి తోచదు. బండి వేగముకంటె చక్రము నూటికి పది మొదలు ఇరువది పాళ్ల వఱకు మందముగా తిరుగునపుడు ఆ పట్టు మిక్కిలి గట్టిగా నుండును. చక్రము తిరుగుట మానినచో టైరు నేలను పట్టుకొనదు, నేలమీద జాఱును. అంతకంటె కీడైన సంగతి మఱియొకటి కలదు. బిగిసిన చక్రమును ఎటు త్రిప్పినను బండి ఆ వైపునకు పోదు. తిరుగు చక్రమునకే దిక్కు మార్చు శక్తి యుండును. పూర్వము రథము తోలు సారథి పగ్గము బిగించి, వదలి, మఱల బిగించి గుఱ్ఱములను నిలుపునట్లు, బ్రేకును కూడ క్షణక్షణమును బిగించుచు వదలుచు నుండవలెను. కాని సెకనునకు పలుమాఱులు అట్లు చేయుట మనుష్యుని కాలికి సాధ్యము కాదు. భయమున నున్న కాలికి అసలే కాదు.

ఈ చింత మొదట కలిగినది రోడ్డుమీది బండ్లవారికి గాదు, విమానముల వారికి. విమానము నేల దిగునపుడు చక్రము బిగిసినచో టైరు క్షణములో అఱిగి పగులును. తన చక్రము బిగిసినదని విమానము నడుపువానికి తెలియు మార్గము కూడ లేదు. ఫ్రాన్సు దేశపు విమాన నిర్మాత గాబ్రియేల్ వ్వాజన్ 1920వ దశకముననే దీనికి ఉపాయము వెదకెను. చక్రముతో పాటు తిరుగునట్లు బరువైన ఫ్లైవీలు నొకదానిని అమర్చెను. చక్రము హఠాత్తుగా మందగించినను బరువు చక్రము తన వేగము విడువదు గదా. ఆ రెండింటి వేగములలోని భేదమే బ్రేకు నూనెను వదలు కవాటమును తెఱచెడిది. నూనె వదలగానే చక్రము మఱల తిరుగును. ఆలోచన యంతయు ఇంతలోనే కలదు. తరువాత వచ్చినదంతయు దీనికి వ్యాఖ్యానము. 1936లో జర్మనీ దేశపు బాష్ కంపెనీ వారు మోటారు బండ్ల చక్రములు బిగియకుండుటకు తగిన యంత్రమునకు పేటెంటు పొందిరి. పేటెంటు కాగితము మీద నుండెను. బండి మీదికి రాలేదు.

1950వ దశకపు తొలి యేండ్లలో ఇంగ్లండు దేశపు డన్లప్ కంపెనీ వారి మ్యాక్సరెట్ అను పరికరము విమానములలో నిజముగా వాడుకకు వచ్చెను. ఇదియు ఫ్లైవీలు మీద నడచునదే. దీనిని రోడ్డు మీదికి తెచ్చుటకు జరిగిన తొలి ప్రయత్నములలో నొకటి మనకు చుట్టఱికము గలది. 1958లో ఇంగ్లండునందలి రోడ్డు పరిశోధనాలయము వారు ఒక రాయల్ ఎన్ ఫీల్డ్ మోటారు సైకిలునకు మ్యాక్సరెట్ నమర్చి పరీక్షించిరి. అంతకు మూడేండ్లకు ముందే, 1955లో, ఆ కంపెనీ బుల్లెట్లు మన మద్రాసులో తయారగుట కారంభమైనది. పరీక్షలో ఫలితము బాగుగనే వచ్చెను. తడి రోడ్డుమీద చక్రము జాఱుట తగ్గెను. కాని కంపెనీ సాంకేతికాధికారి దీనికి భవిష్యత్తు లేదని తలచుటచేత అది అమ్మకపు బండ్ల కెక్కలేదు. మఱి 61 ఏండ్లకు, 2019 ఏప్రిలు మొదలుకొని, మన దేశమున 125 సి.సి. మించిన ప్రతి క్రొత్త మోటారు సైకిలునకును ఏ.బి.ఎస్. తప్పనిసరి యైనది. ఈ నడుమ కాలములో రోడ్ల మీద జాఱి పడినవారి లెక్క ఎవరు కట్టగలరు?

1966లో ఇంగ్లండుననే జెన్సెన్ ఎఫ్.ఎఫ్. అను కారు వెలువడెను. నాలుగు చక్రములకును బలము నిచ్చు ఏర్పాటును, మ్యాక్సరెట్ బ్రేకును ఒక్కచోట గల తొలి అమ్మకపు కారు ఇదియే. మన జీపు కథకు మూలపురుషుడని దీనిని చెప్పవచ్చును. ఆ నాలుగు చక్రముల ఏర్పాటును కల్పించినవారు హ్యారీ ఫెర్గూసన్ స్థాపించిన పరిశోధన సంస్థవారు. ఫెర్గూసన్ పేరు మన రైతులకు ట్రాక్టరు వలన తెలిసినదే. జెన్సెన్ కారులో చక్రము చక్రమునకును వేఱు పరికరము లేదు. అన్నిటికిని కలిపి యొక్కటే. నాలుగు చక్రములును ఒక దానితో నొకటి ముడివడియుండుట వలన అది చాలెను. అట్టి కార్లు 320 మాత్రమే తయారైనవి, వెల అధికము.

ఇంతవఱకు నేను దీపము మాట యెత్తలేదు. ఫ్లైవీలు, కమ్మీ, కవాటము - ఇవి పని చేసిన చేయును, చేయకున్న లేదు. తమలోని దోషమును తామే కనుగొని యజమానికి చెప్పు తెలివి వానికి లేదు. ఆ తెలివి విద్యుత్తుతో వచ్చినది. వచ్చిన కొత్తలో అల్లరి పాలైనది.

ఆ అల్లరి జరిగినది అమెరికాలో. 1969లో ఫోర్డు వారు లింకన్ కాంటినెంటల్ మార్క్ 3 వంటి ఖరీదైన కార్లలో వెనుక చక్రములకు మాత్రము విద్యుత్తు మీద నడచు ఏర్పాటు పెట్టిరి. 1971లో క్రైస్లర్ వారి ఇంపీరియల్ కారులో బెండిక్స్ కంపెనీ చేసిన నాలుగు చక్రముల ఏర్పాటు వచ్చెను. ఇవి కొలదిమందికి చెందినవి. తరువాత ప్రభుత్వము ఒక పెద్ద అడుగు వేసెను. గాలి బ్రేకులు గల పెద్ద లారీలు చక్రములు బిగియకుండ ఇంత దూరములోపల నిలువవలెనని 1975లో 121వ నంబరు ప్రమాణము అమలులోనికి తెచ్చెను. ఏ.బి.ఎస్. లేక ఆ నియమమును చెల్లించుట సాధ్యము గాకుండెను. ఆ ప్రమాణములోనే మఱియొక చిన్న వాక్యము కలదు: ఏ.బి.ఎస్.నకు విద్యుత్తు పూర్తిగా తప్పినచో, తోలువానికి ఎడతెగక హెచ్చరిక చేయు సూచన యొకటి ఉండవలెనని. నా జీపులోని దీపమునకు వంశవృక్షము వ్రాయవలసి వచ్చినచో ఈ వాక్యమునకు పై కొమ్మలలో చోటీయవలెను.

కాని లారీల పరికరములు అప్పటికి పక్వము కాలేదు. వాన, బురద, కుదుపు, ఎండ - వీనికి ఆ విద్యుత్ పేటికలు తట్టుకొనలేకపోయెను. దారిన పోవు రేడియో తరంగములకు సైతము అవి కలవరపడుచున్నవని ఫిర్యాదులు వచ్చెను. (రేడియోలో మాట్లాడుచు రేడియోను నిందించుట నాకు తగదు గాని, జరిగినది చెప్పక తప్పదు.) లారీ కంపెనీలు న్యాయస్థానమున కెక్కెను. ఆ ప్రమాణము అమలుకు వచ్చిన నాటికి సహేతుకమును సాధ్యమును కాదని 1978లో అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పి, నిలుచు దూరపు నియమమును ఏ.బి.ఎస్. నియమమును కొట్టివేసెను. లారీ యజమానులు పలువురు ఆ తీగలను ఊడదీయించిరి. పెద్ద లారీలకు ఆ దేశమున ఏ.బి.ఎస్. మఱల విధియగుటకు 1997 మార్చి రావలసి వచ్చెను. అపుడు మాత్రము, దోషము కలిగిన వెంటనే వెలుగు దీపమును గుఱించి నియమము మఱింత వివరముగా వ్రాసిరి.

ఆ తీర్పును నేను పలుమాఱులు తలపోసితిని. న్యాయమూర్తులు తప్పు చేసిరని నేననను. ఒక్కొక్కప్పుడు పని చేయుచు, ఒక్కొక్కప్పుడు మానుచు, ఎప్పుడు మానినదో చెప్పని కాపు దొంగకంటె ప్రమాదకరుడు. కాపు ఉన్నాడను ధైర్యమున యజమాని తలుపు వేయక నిద్రించును గదా.

అదే యేట, సముద్రమున కావల, ఈ చిక్కు వీడెను. జర్మనీలో టెల్డిక్స్ అను సంస్థయు డైమ్లర్-బెంజ్ కంపెనీయు కలిసి 1970 డిసెంబరులోనే తమ ఏ.బి.ఎస్.ను పత్రికలవారికి చూపిరి. దాని మెదడు పేటికలో నుండిన భాగములు సుమారు 1000. అన్ని భాగములలో ఏదో యొకటి చెడుచునే యుండును. అమ్మకమునకు పెట్టుటకు వారికి ధైర్యము చాలలేదు. ఎనిమిదేండ్లు ఆగిరి. ఇట్లు ఆగుట నాకు వారి నేర్పుకంటె గొప్పగా కనిపించుచున్నది. ఈలోపల సంఖ్యల లెక్క మీద నడచు క్రొత్త చిప్పులు వచ్చినవి. బాష్ వారి చేతిలో ఆ 1000 భాగములు 140కి దిగెను. 1978లో మెర్సిడెస్ ఎస్ తరగతి కార్లలో ఆ ఏర్పాటు వెలువడెను.

భాగములు తగ్గుట యొక్కటే దాని విశేషము కాదు. దాని పేటికలో లెక్క చేయువారు ఇద్దఱు. చక్రముల నుండి వచ్చిన సమాచారము నిద్దఱును వేర్వేఱుగా లెక్కించి, ఒకరి ఫలితము నొకరు సరిచూచుకొందురు. ఇద్దఱికిని పొత్తు కుదురకున్నను, చక్రము నుండి వార్త రాకున్నను, బ్యాటరీ బలము చాలకున్నను, ఆ పేటిక తన్ను తాను పనినుండి తొలగించుకొనును. తొలగి, బ్రేకును పూర్వము వలె తోలువాని కాలికే వదలివేయును. ఆ సంగతిని దీపము ద్వారమున చెప్పును. ధృతరాష్ట్రుని కొలువులో ఇష్టము లేని నిజమును చెప్పుటకు విదురు డొక్కడుండెను. వానిని వెడలగొట్టినందున ఆ నిజము మాఱలేదు. మా జీపులోని విదురుని మేము బల్బుతో సహా తీసివేసితిమి.

ఈ సందర్భమున ఒక విచిత్రమును చెప్పెదను. 1980వ దశకపు తొలి యేండ్లలో మ్యూనిక్ నగరమున ఒక టాక్సీ సంస్థ కార్లలో కొన్నిటికి ఏ.బి.ఎస్. ఉండగా, కొన్నిటికి లేకుండ, కొన్నేండ్లు పరిశీలించిరి. ప్రమాదముల సంఖ్యలో చెప్పుకోదగిన భేదము కనబడలేదు. ఏ.బి.ఎస్. గలవారు దాని ధైర్యమున దుడుకుగా తోలుచుండిరట. యంత్రము తగ్గించిన అపాయమును మనుష్యుడు తన చేతితో తిరిగి తెచ్చుకొనెనన్నమాట. నా మేనల్లుని గుఱించి ఇక్కడ నేనేమియు చెప్పను.

ఇక జీపుల సంగతి. కార్లకు 1978లో వచ్చినది జీపులకు పూర్తిగా వచ్చుటకు 1989 పట్టెను. ఆ యేడు ఇంగ్లండులో రేంజ్ రోవరునకును, అమెరికాలో జీప్ చెరొకీకిని నాలుగు చక్రముల ఏ.బి.ఎస్. లభించెను. అంతకు రెండేండ్లకు ముందు, 1987లో, ఫోర్డు వారి ఎఫ్ వరుస పికప్పు బండ్లకు వెనుక చక్రములకు మాత్రము పెట్టియుండిరి. ఇంత జాగునకు కారణములు రెండు.

ఒకటి, ఈ బండ్లలో చక్రములు ఒంటరులు కావు. ఇంజను బలము నాలుగింటికిని పంచబడుటచే ఒక చక్రపు మందగతి తక్కిన వానికి సోకును. తక్కిన చక్రములతో పోల్చి చూచి యొక చక్రము బిగియుచున్నదని కనుగొను పేటిక, నాలుగును ఒక్క పెట్టున మందగించినచో బండియే మందగించినదని భ్రమపడును. అందుకని కొన్ని బండ్లలో, టయోటా వారి ల్యాండ్ క్రూజరు 80 వరుస వంటి వానిలో, బండి నిజముగా ఎంత మందగించుచున్నదో తెలుపు వేఱొక సూచకమును కూడ పెట్టిరి.

రెండవది నేల. తారు రోడ్డు మీద బిగిసిన చక్రము చేటు. వదులు గులకఱాళ్ల మీద, ఇసుకలో, బిగిసిన చక్రము తన ముందు కొంత మట్టిని గుట్టగా పోగుచేసికొని, ఆ గుట్టయే అడ్డముగా త్వరగా నిలుచును. అట్టి చోట ఏ.బి.ఎస్. చక్రమును వదలి వదలి తిప్పుటచే బండి మఱికొంత దూరము పోవును. కొండదారిన తిరుగువానికి ఇది చిన్న సంగతి కాదు. ఆడి వారి క్వాట్రో కారులో ఏ.బి.ఎస్.ను ఆపుటకు ఒక మీట పెట్టిరి. ల్యాండ్ క్రూజరు 80లో ముందు వెనుక ఇరుసులను ఒకటిగా ముడివేయు సెంటర్ డిఫరెన్షియల్ లాకు వేయగానే ఏ.బి.ఎస్. తనంత తాను తప్పుకొనును. తప్పుకొన్నట్లు పసుపుపచ్చ దీపము వెలుగును. మెర్సిడెస్ జి తరగతి బండ్లలోను ఆ లాకులు వేసినపుడు ఇట్టిదే ఆచారము.

దీనినిబట్టి పాత జీపులో ఆ దీపపు వెలుగున కర్థము ఒక్కటి కాదు. తాళము త్రిప్పగానే వెలిగి కొన్ని క్షణముల కాఱినచో, అది తన్ను తాను పరీక్షించుకొనుచున్నదని యర్థము. తొలినాటి రేంజ్ రోవరులలో ఆ దీపము బండి కదలి గంటకు సుమారు 7 కిలోమీటర్ల వేగము నందుకొను వఱకు ఆఱదు. చక్రముల వార్త నిజముగా వచ్చుచున్నదో లేదో చూచుటకు చక్రములు తిరుగవలెను గదా. ఇది తెలియక, నిలిచియున్న బండిలో దీపము ఆఱలేదని విడిభాగములు మార్పించినవారు కలరు. లాకు వేసినపుడు వెలిగినచో, 'నీ యాజ్ఞ చొప్పున తప్పుకొంటిని' అనుట. ఈ రెండును గాక, నడుచుచుండగా వెలిగి నిలిచినచో అది దోషము. తాళము త్రిప్పినపుడు అసలే వెలుగకపోవుట కూడ దోషమే. ఇది అన్నిటికంటె చెడ్డది. ఏలనన అది మౌనముగా నుండును. మా బండి పది దినములు అట్లుండెను.

పసుపుపచ్చ దీపము మాత్రమే వెలిగినపుడు మామూలు బ్రేకు పని చేయును. మెల్లగా ఇల్లు చేరవచ్చును. ఎఱ్ఱని బ్రేకు దీపము కూడ తోడైనచో బండి నిలుపవలెను. తొలినాటి రేంజ్ రోవరు, చెరొకీ బండ్లలో ఇది మఱింత ముఖ్యము. వానిలో ఏ.బి.ఎస్.కు నూనె నొత్తు విద్యుత్ పంపే కాలి బ్రేకునకును బలము నిచ్చును. పంపు చెడినచో రెండును దెబ్బతినును.

దోషమును వెదకుట యొక విద్య. వైద్యుడు నాడి చూడకముందే రోగిని ప్రశ్నించును. ఇచ్చటను అట్లే. దీపము ఎప్పుడు వెలిగినది? బండి స్టార్టు చేసినపుడా? కుదుపులోనా? మలుపులోనా? పాత బ్యాటరీ నీరసించినచో స్టార్టు చేయుసరికి వోల్టేజి పడిపోయి దీపము వెలుగును. ఒక టైరు క్రొత్తది వేఱు కొలతది వేసినచో, ఆ చక్రము తక్కిన వానితో సమముగా తిరుగక పేటికకు అనుమానము కలుగును. ఫ్యూజు, రిలే చూచుట అర నిమిషపు పని. ఇవి చూడకముందే వెలగల పేటికను మార్పుమనువానిని నమ్మరాదు.

1990వ దశకపు బండ్లలో పలువాటికి దీపము స్వయముగా మాటలాడును. టయోటా బండ్లలో బానెట్టు క్రింద పరీక్షకై యుంచిన పెట్టెలో టి.సి., ఇ.1 అను రెండు రంధ్రములను చిన్న తీగతో కలిపి - కొన్నిటిలో ఒక పిన్నును కూడ తీసి - తాళము త్రిప్పినచో, ఏ.బి.ఎస్. దీపము మినుకుమినుకుమని సంఖ్యలు చెప్పును. మూడు మినుకులు, విరామము, ఒక మినుకు: 31. అనగా కుడి ముందు చక్రము. 32 ఎడమ ముందు, 33 కుడి వెనుక, 34 ఎడమ వెనుక. ఛందస్సులో గురులఘువులు పట్టుకొనినవానికి ఇది యెంత పని! నా యుద్యోగ విద్య యొక బండి కక్కఱకు వచ్చుట అదియే మొదలు. ఇంజను దోషములు చదువుటకు బజారులో అమ్ము చౌక పరికరములు ఈ పాత ఏ.బి.ఎస్. మాటలను చాలవఱకు చదువలేవు. అమెరికాలో 1996 నుండి వచ్చిన నియమము ఇంజను పొగకు సంబంధించినది. బ్రేకుల ఊసు అందులో లేదు.

ఇందులో మఱియొక మెలకువ కలదు. సంఖ్య చెప్పునది చోటు, కారణము కాదు. 'ఎడమ ముందు చక్రము నుండి వార్త లేదు' అనుటయే గాని, వార్త తెచ్చు సెన్సారు చచ్చినదని అది యనలేదు. ఆ సెన్సారు ఒక అయస్కాంతము, దాని చుట్టును చుట్టిన రాగి తీగ. ఎదుట చక్రముతో తిరుగు పండ్ల ఇనుప వలయము. పన్ను దాటినప్పుడెల్ల తీగలో సన్నని విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొన్న ధర్మమే అది. పంటికిని సెన్సారునకును నడుమ సందు సుమారు ఒక మిల్లీమీటరు. అయస్కాంత మగుటచే బ్రేకు డిస్కునుండి రాలు ఇనుప రజను దానికి మీసములవలె అంటుకొనును. బురద పట్టును. త్రుప్పు ఉబ్బి సందును మార్చును. చక్రపు బేరింగు వదులైనచో పాత రేంజ్ రోవరులలో సెన్సారు మెల్లమెల్లగా వెనుకకు త్రోయబడును. శుభ్రము చేసి మఱల లోపలికి నొక్కినంతనే దీపమాఱుట కలదు. అయినను బేరింగును బిగింపకున్న నెల దినములలో మఱల వెలుగును.

పిట్టగోడ సంగతి జరిగిన మూడవ నాడు మేము ఒక వృద్ధ మేస్త్రీ యొద్దకు పోతిమి. ఆయన బండిని తాకకముందు మావానిని అడిగిన దిది: "బల్బు తీయక ముందు దీపం ఎక్కడ వెలిగేది బాబూ?" మావాడు ఆలోచించి, "కొండ మీద ఎడమ మలుపులు తిప్పేటప్పుడండీ, సాపు రోడ్డు మీద వెలిగేది కాదు" అనెను. ఆ మాట వాడు ముందు వర్క్ షాపువారికి చెప్పలేదు; వారు అడుగనూ లేదు.

మేస్త్రీ మొదట బల్బు పెట్టించెను. తరువాత ముందు చక్రములను జాకీ మీద లేపి, సెన్సారు తీగల కొసలకు మీటరు తగిలించెను. కుడి వైపు సుమారు వేయి ఓములు చూపెను. ఎడమ వైపును అంతే. మావాని ముఖము వాడెను. ఆయన నవ్వి, ఎడమ చక్రమును స్టీరింగుతో మెల్లగా ఎడమకు త్రిప్పుమనెను. సగము తిరుగుసరికి మీటరులో అంకె మాయమయ్యెను. కుడికి త్రిప్పగా మఱల వచ్చెను. తీగ పైతొడుగు చెక్కు చెదరలేదు. లోపలి రాగి మాత్రము వేలకొలది వంపులకు లోనై తెగి, నిటారుగా నున్నపుడు కొసలు తాకుచు, వంగినపుడు విడిపోవుచు నుండెను. ఒకమాఱు విడిపోయినచో పేటిక తప్పుకొనును. తప్పుకొన్నది, బండి నాపి తాళము మఱల త్రిప్పు వఱకు తిరిగి రాదు. ఎద్దు అడ్డము వచ్చుటకు ముందు మేము దిగిన ఎడమ మలుపులు ఎన్నియో నేను లెక్కింపలేదు. ఒక్కటి చాలును.

క్రొత్త తీగతో సెన్సారు తెప్పించుటకు వారము పట్టెను. అమర్చిన పిదప మేస్త్రీ మమ్ము ఊరి వెలుపలి ఖాళీ రోడ్డునకు తీసికొనిపోయెను. వాన వెలిసి రోడ్డు తడిగా నుండెను. వేగముగా పోయి ఒక్కసారి గట్టిగా బ్రేకు త్రొక్కుమనెను. మావాడు త్రొక్కి, వెంటనే కాలు తీసివేసెను. పెడలు తన కాలిని ఎదురు తన్నుచున్నదనియు, క్రింద ఏదో గరగర లాడుచున్నదనియు, మఱల ఏమో చెడినదనియు చెప్పెను. మేస్త్రీ, "అది చెడలేదు బాబూ, అదే పని చేయడం. కాలు తీయకు" అనెను. రెండవ మాఱును మావాడు తెలియకయే కాలు తీసెను. మూడవ మాఱు తీయలేదు. బండి గరగరలాడుచునే, స్టీరింగు త్రిప్పిన వైపునకు తిరిగి, రోడ్డు అంచున నిలిచెను.